ప్రాసెస్ మేనేజర్ కాన్ఫిగ్ ఫైల్‌కి ఎడిటర్‌లో ఆటోకంప్లీట్: మీ ఫైల్‌కి ఏ స్కీమా అంటుకుందో ముందు చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. డెవలప్‌మెంట్ మెషిన్ మీద ఏడెనిమిది సర్వీసులను ఒకేసారి లేపడానికి ప్రాసెస్ కంపోజ్ వాడుతున్నారు. ఆ ఫైల్ పేరు ‘కంపోజ్.యామెల్’. సర్వర్ మీద నోడ్ అప్లికేషన్లను పీఎం2 చూసుకుంటుంది, దానికి ‘ఈకోసిస్టమ్.కాన్ఫిగ్.జేఎస్’ ఉంది. వీఎస్ కోడ్‌లో రెడ్ హ్యాట్ వారి యామెల్ ఎక్స్‌టెన్షన్ వేసుకున్నారు. మొదటి ఫైల్‌లో ‘ప్రాసెసెస్’ అన్న కీ కింద ఎర్రగీత పడి, ఈ ప్రాపర్టీకి అనుమతి లేదని వస్తోంది. కంట్రోల్ స్పేస్ నొక్కితే ‘సర్వీసెస్’, ‘వాల్యూమ్స్’, ‘నెట్‌వర్క్స్’ అంటూ సంబంధం లేని పేర్లు కనిపిస్తున్నాయి. రెండో ఫైల్‌లో ఏ సూచనా రావడం లేదు. పక్కనున్న డెవలపర్‌కి మాత్రం అదే ఎక్స్‌టెన్షన్‌తో అన్నీ వస్తున్నాయి.

కీల పేర్లు, కమాండ్లు నేను తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. ఫైల్‌లో కొట్టేటప్పుడు మామూలుగా ఇంగ్లిష్ అక్షరాలతోనే కొట్టండి, నేను కింది గీత (_) పెట్టినచోట అండర్‌స్కోర్, అడ్డగీత (-) పెట్టినచోట హైఫన్ పెట్టండి.

ఎర్రగీత సంగతి తేలిక, ముందు అది చూద్దాం. ‘కంపోజ్.యామెల్’ అనేది కంటైనర్లను నడిపే డాకర్ కంపోజ్ కూడా వాడే పేరు. ప్రాసెస్ కంపోజ్ తనంతట తాను వెతుక్కునే పేర్లలో ‘కంపోజ్.యామెల్’, ‘ప్రాసెస్-కంపోజ్.యామెల్’ రెండూ ఉన్నాయి కాబట్టి ప్రోగ్రామ్ హాయిగా నడుస్తుంది. యామెల్ ఎక్స్‌టెన్షన్ మాత్రం ఫైల్ పేరు పట్టుకుని స్కీమాల (ఏ ఫైల్‌లో ఏ కీలు, ఏ విలువలు రాయొచ్చో చెప్పే జేసన్ ఫైళ్లు) ఉమ్మడి జాబితా అయిన స్కీమా స్టోర్‌లో వెతుకుతుంది. అక్కడ ఈ పేరు డాకర్ కంపోజ్ ఖాతాలో ఉంది. డాకర్ స్కీమా పైస్థాయిలో తనకు తెలియని కీని ఒప్పుకోదు, అందుకని మీ ‘ప్రాసెసెస్’ దానికి తప్పుగా కనిపించింది. అంటే మీకు ఆటోకంప్లీట్ పనిచేస్తూనే ఉంది, కాకపోతే వేరే ప్రోగ్రామ్‌కి చెందిన సూచనలు ఇస్తోంది. పక్కనున్నవారికి సరిగ్గా వస్తోందంటే, వాళ్లు ఎప్పుడో తమ యూజర్ సెట్టింగ్స్‌లో సరైన స్కీమా కట్టుకుని ఉంటారు. యూజర్ సెట్టింగ్స్ రెపోలోకి రావు కదా, అందుకే మీకు అందలేదు.

ఇదంతా నిజమో కాదో అర నిమిషంలో తేల్చుకోవచ్చు. ఆ ఫైల్ తెరిచి వీఎస్ కోడ్ కిటికీ కింద కుడివైపు స్టేటస్ బార్ చూడండి. యామెల్ ఎక్స్‌టెన్షన్ ఆ ఫైల్‌కి ఏ స్కీమా తగిలించిందో పేరుతో సహా అక్కడ చూపిస్తుంది. ఏదీ తగలకపోతే స్కీమా లేదని రాసి ఉంటుంది. ఆటోకంప్లీట్ రావడం లేదని ఎవరు అడిగినా నేను మొదట అడిగేది అక్కడ ఏముందనే. ఎక్స్‌టెన్షన్ తీసేసి మళ్లీ వేయడం, ఎడిటర్ మార్చడం లాంటివి ఆ తర్వాతి మాట.

పరిష్కారం: ఫైల్ పేరును ‘ప్రాసెస్-కంపోజ్.యామెల్’ అని మార్చండి. పేరు మార్చకుండా కూడా సర్దుకోవచ్చు గానీ నేను సలహా ఇవ్వను. డాకర్ ఎక్స్‌టెన్షన్ కూడా ఉన్న మెషిన్‌లో ‘కంపోజ్.యామెల్’ని వీఎస్ కోడ్ వేరే భాష ఫైల్‌గా లెక్కేస్తుంది. అప్పుడు యామెల్ ఎక్స్‌టెన్షన్‌కి ఎంత నచ్చజెప్పినా డాకర్ ఎక్స్‌టెన్షన్ తన సూచనలు తను ఇస్తూనే ఉంటుంది. రెండు ఎక్స్‌టెన్షన్ల మధ్య పంచాయితీ తీర్చడం కన్నా పేరు మార్చడం సులువు.

పేరు మార్చాక ఫైల్ మొట్టమొదటి వరుసలో ఈ కామెంట్ పెట్టండి:

# యామెల్-లాంగ్వేజ్-సర్వర్: $స్కీమా=స్కీమా ఫైల్ చిరునామా

చిరునామా స్థానంలో ప్రాసెస్ కంపోజ్ గిట్‌హబ్ రెపోలో ‘స్కీమాస్’ ఫోల్డర్‌లో ఉన్న ‘ప్రాసెస్-కంపోజ్-స్కీమా.జేసన్’ లింకు రావాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. గిట్‌హబ్‌లో ఆ ఫైల్ తెరిచి బ్రౌజర్ పైనున్న చిరునామాని కాపీ చేస్తారు. అది వెబ్ పేజీ, దాన్ని తెస్తే వచ్చేది హెచ్‌టీఎంఎల్. యామెల్ ఎక్స్‌టెన్షన్ దాన్ని జేసన్‌గా చదవబోయి చేతులెత్తేస్తుంది. ఆ పేజీలో ‘రా’ అనే బటన్ ఉంటుంది, అది నొక్కాక వచ్చే చిరునామా పెట్టాలి. ఈ ఒక్క తేడాతో పూటంతా పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

ఇంకో విషయం. ఆ లింకులో ‘మెయిన్’ అని బ్రాంచ్ పేరు ఉంటుంది. అంటే ఎప్పటికప్పుడు కొత్త స్కీమా వస్తుంది. మీ మెషిన్‌లో ఉన్న ప్రాసెస్ కంపోజ్ మాత్రం ఆరునెలల నాటిది కావచ్చు. అప్పుడు ఎడిటర్ ఒక కొత్త కీని సూచిస్తుంది, మీరు వాడతారు, ప్రోగ్రామ్‌కి అది తెలియదు. అందుకని ‘మెయిన్’ స్థానంలో మీరు వాడే వెర్షన్ ట్యాగ్ పెట్టండి. లేదా స్కీమా ఫైల్‌ని మీ రెపోలోనే ఒక ఫోల్డర్‌లో పెట్టుకుని, చిరునామా బదులు ఆ ఫైల్‌కి దారి రాయండి. నాకు రెండోదే ఇష్టం. నెట్ లేకపోయినా, ఆఫీసు ప్రాక్సీ అడ్డుపడినా పనిచేస్తుంది. కామెంట్‌లో రాసే దారిని యామెల్ ఫైల్ ఉన్న చోటు నుంచి లెక్కగట్టాలి.

ఈ కామెంట్ ఎడిటర్‌ది కాదని గుర్తుంచుకోండి, దాన్ని చదివేది యామెల్ లాంగ్వేజ్ సర్వర్. లాంగ్వేజ్ సర్వర్ అనే పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2016లో బయటపెట్టింది. భాష గురించిన తెలివంతా ఒక విడి ప్రోగ్రామ్‌లో ఉంటుంది, ఎడిటర్ దానితో జేసన్ సందేశాల్లో మాట్లాడుతుంది. నియోవిమ్, హీలిక్స్, ఈమాక్స్ వాడేవాళ్లు కూడా అదే సర్వర్‌ని తగిలించుకోవచ్చు కాబట్టి మీరు పెట్టిన ఒక్క వరుస అందరికీ పనికొస్తుంది. టీమ్‌లో నలుగురు నాలుగు ఎడిటర్లు వాడేచోట ఇదే ఉత్తమం.

ఫైళ్లు చాలా ఉండి, ప్రతిదాని తలమీదా కామెంట్ పెట్టడం ఇష్టం లేకపోతే ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ‘యామెల్.స్కీమాస్’ వాడండి. ఎడమవైపు స్కీమా చిరునామా, కుడివైపు అది వర్తించే ఫైళ్ల నమూనా. జేసన్ ఫైళ్లకు వాడే ‘జేసన్.స్కీమాస్’ రూపం వేరు, అక్కడ ఒక జాబితా ఉండి ప్రతి అంశంలో ‘ఫైల్‌మ్యాచ్’, ‘యూఆర్ఎల్’ విడివిడిగా రాయాలి. ఒకదాని రూపంలో రెండోది రాస్తే ఎర్రర్ పెద్దగా అరవదు, ఊరికే పనిచేయదు. ఇక్కడ రాసే దారిని ప్రాజెక్ట్ మూల ఫోల్డర్ నుంచి లెక్కగడతారు, కామెంట్‌లో లాగా కాదు. ఈ సెట్టింగ్ ఉన్న ‘.వీఎస్‌కోడ్’ ఫోల్డర్‌ని గిట్‌లో పెట్టండి, మీ పక్కవారి దగ్గర జరిగింది రేపు మీవల్ల ఇంకొకరికి జరగకుండా ఉంటుంది. కామెంట్, సెట్టింగ్, స్కీమా స్టోర్ మూడూ ఒకే ఫైల్ మీద పడితే కామెంట్‌దే పైచేయి. ఆ తర్వాత సెట్టింగ్, చివరికి స్కీమా స్టోర్.

జెట్‌బ్రెయిన్స్ ఎడిటర్లలో సెట్టింగ్స్ తెరిచి లాంగ్వేజెస్ అండ్ ఫ్రేమ్‌వర్క్స్ కింద ‘జేసన్ స్కీమా మ్యాపింగ్స్’ అనే చోట స్కీమాని ఫైల్‌కి కట్టాలి. పేరులో జేసన్ ఉన్నా యామెల్ ఫైళ్లకూ అదే పనిచేస్తుంది. నియోవిమ్‌లో యామెల్ సర్వర్ సెట్టింగ్స్‌లో పైన చెప్పిన ‘స్కీమాస్’ పట్టికే ఇవ్వండి, అంతకుమించి చెప్పడానికేం లేదు.

స్కీమా సరిగ్గా తగిలాక కూడా సూచనలు రాలేదని కొందరంటారు. అది సాధారణంగా కర్సర్ ఉన్న చోటు వల్ల. యామెల్‌లో ఏ కీ ఎవరి కిందిదో చెప్పేది ఖాళీలే. కొత్త వరుసలో కర్సర్ మొదటి గడిలో ఉండగా కంట్రోల్ స్పేస్ నొక్కితే ‘వెర్షన్’, ‘ప్రాసెసెస్’ లాంటి పైస్థాయి కీలే వస్తాయి. ప్రాసెస్ పేరు కింద, దానికన్నా రెండు ఖాళీలు లోపలికి జరిగి నొక్కండి, అప్పుడు ‘కమాండ్’, ‘వర్కింగ్_డిర్’, ‘డిపెండ్స్_ఆన్’, ‘రెడినెస్_ప్రోబ్’, ‘అవైలబిలిటీ’ వస్తాయి. ట్యాబ్ అక్షరం మాత్రం వాడకూడదు, ఖాళీల స్థానంలో యామెల్ దాన్ని ఒప్పుకోదు.

నాకు బాగా ఉపయోగపడింది కీల పేర్ల కన్నా విలువల సూచనలే. ‘డిపెండ్స్_ఆన్’ కింద ‘కండిషన్’ అని రాసి ఆగితే అయిదు మాటలు వస్తాయి: ప్రాసెస్_స్టార్టెడ్, ప్రాసెస్_హెల్తీ, ప్రాసెస్_కంప్లీటెడ్, ప్రాసెస్_కంప్లీటెడ్_సక్సెస్‌ఫుల్లీ, ప్రాసెస్_లాగ్_రెడీ. ‘కంప్లీటెడ్’కీ ‘కంప్లీటెడ్_సక్సెస్‌ఫుల్లీ’కీ ఉన్న తేడా ఎంత పెద్దదో ఆ జాబితా చూసేదాకా నాకు తట్టలేదు. డేటాబేస్ మైగ్రేషన్ విఫలమై ఆగిపోయినా మొదటిదాని లెక్కలో అది ముగిసినట్టే, అప్లికేషన్ లేచి కూర్చుంటుంది. ‘రీస్టార్ట్’కీ అంతే: ఆల్వేస్, ఆన్_ఫెయిల్యూర్, ఎగ్జిట్_ఆన్_ఫెయిల్యూర్, నో. ఈ చివరి ‘నో’ని కోట్స్‌లో పెట్టండి. పాత యామెల్ నియమాల్లో కోట్స్ లేని ‘నో’ అంటే ఫాల్స్ అనే అర్థం ఉంది. ఏ టూల్ ఏ నియమం పాటిస్తుందో ప్రతిసారీ గుర్తుచేసుకునే బదులు రెండు కోట్స్ పెట్టేస్తే టెన్షన్ ఉండదు.

ఇక పీఎం2. ఇక్కడ స్కీమా మాటే పనికిరాదు. మీ ఫైల్ జావాస్క్రిప్ట్ ప్రోగ్రామ్, జేసన్ స్కీమా దానికి తగలదు. జావాస్క్రిప్ట్‌కి సూచనలు ఇచ్చేది వీఎస్ కోడ్‌లో ముందే ఉండే టైప్‌స్క్రిప్ట్ సర్వర్. అది చదివేది టైప్స్, అంటే ఏ కీకి ఎలాంటి విలువ రావాలో చెప్పే వివరాలు. పీఎం2 ప్యాకేజీలోనే టైప్స్ ఉన్నాయి, అందులో ‘స్టార్ట్‌ఆప్షన్స్’ అనేది మనకు కావలసింది. ‘మాడ్యూల్.ఎక్స్‌పోర్ట్స్’ వరుసకు సరిగ్గా పైన ఒక జేఎస్‌డాక్ కామెంట్ పెట్టి, అందులో ‘యాప్స్’ అంటే పీఎం2 నుంచి తెచ్చిన స్టార్ట్‌ఆప్షన్స్‌ల జాబితా అని @టైప్ ట్యాగ్‌తో చెప్పాలి. టెయిల్‌విండ్ కాన్ఫిగ్ ఫైల్ ఎప్పుడైనా తెరిచి ఉంటే దాని తలమీద ఇలాంటి కామెంట్ చూసే ఉంటారు, అదే పద్ధతి. ఫైల్ మొదటి వరుసలో @టీఎస్-చెక్ అని ఇంకో కామెంట్ కూడా పెట్టండి. టైప్ కామెంట్ సూచనలు తెస్తుంది, తప్పులకు ఎర్రగీత రావాలంటే ఈ రెండోది ఉండాలి.

అన్నీ పెట్టినా ఏమీ రావడం లేదంటే దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే. పీఎం2ని గ్లోబల్‌గా ఇన్‌స్టాల్ చేసి ఉంటారు, ప్రాజెక్ట్ నోడ్ మాడ్యూల్స్‌లో అది ఉండదు. టైప్‌స్క్రిప్ట్ సర్వర్ గ్లోబల్ ఫోల్డర్‌లో వెతకదు. ప్యాకేజీ దొరకనప్పుడు ఆ టైప్ ‘ఎనీ’ (ఏదైనా కావచ్చు) అయిపోతుంది, ఎనీకి ఏ సూచనా ఉండదు. ప్రాజెక్ట్‌లో పీఎం2ని డెవ్ డిపెండెన్సీగా వేసుకోండి, సర్వర్ మీదున్న వెర్షన్‌నే వేయండి.

ఆ తర్వాత కొన్ని ఎర్రగీతలు వస్తాయి, కంగారు పడొద్దు. ‘ఎన్వ్’లో పోర్ట్‌ని 3000 అని సంఖ్యగా రాస్తే గీత పడుతుంది, టైప్స్‌లో ఎన్వ్ విలువలు స్ట్రింగ్‌లు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఎలాగూ చివరికి స్ట్రింగ్‌లే కాబట్టి కోట్స్ పెట్టడమే న్యాయం. ‘ఎన్వ్_ప్రొడక్షన్’ కింద కూడా గీత పడుతుంది. ‘ఎన్వ్_’ తర్వాతి పేరు మీ ఇష్టం, అది టైప్స్‌కి ముందే ఎలా తెలుస్తుంది? అందుకు మీ సొంత టైప్ ఒకటి కట్టుకోండి: స్టార్ట్‌ఆప్షన్స్‌కి తోడు, ‘ఎన్వ్_’తో మొదలయ్యే ఏ కీ అయినా స్ట్రింగ్ విలువలున్న వస్తువు కావచ్చని. టైప్‌స్క్రిప్ట్ 4.4 నుంచి ఇలా పేరులోని మొదటి భాగాన్ని బట్టి కీలను చెప్పే వీలుంది. మరో తకరారు: పీఎం2 ఒకే విషయానికి రెండు మూడు పేర్లు ఒప్పుకుంటుంది. లాగ్ ఫైల్‌ని ‘అవుట్_ఫైల్’ అన్నా ‘అవుట్‌పుట్’ అన్నా సరే అంటుంది. టైప్స్‌కి వాటిలో అన్నీ తెలిసి ఉండకపోవచ్చు. గీత పడింది కదా అని ఏళ్లుగా నడుస్తున్న కీని పీకేయకండి, ఎడిటర్ సూచించే పేరుకు మార్చి లాగ్ ఎక్కడ పడుతుందో ఒకసారి చూసుకోండి.

ఫైల్ పేరు విషయంలో చిన్న హెచ్చరిక. పేరు ‘.కాన్ఫిగ్.జేఎస్’తో ముగియాలి. ‘ఈకోసిస్టమ్.జేఎస్’ అని కుదిస్తే పీఎం2 దాన్ని కాన్ఫిగ్‌గా కాక నడపాల్సిన స్క్రిప్ట్‌గా తీసుకుంటుంది. ప్యాకేజ్.జేసన్‌లో ‘టైప్’ అన్నచోట ‘మాడ్యూల్’ ఉంటే పేరు ‘.కాన్ఫిగ్.సీజేఎస్’ అని పెట్టండి.

పీఎం2 కాన్ఫిగ్‌ని యామెల్‌లోనో జేసన్‌లోనో రాసుకుంటే స్కీమా దారిలోకి రావచ్చు కదా అని అడగొచ్చు. రావచ్చు. కాన్ఫిగ్ అంతా నిశ్చలమైన విలువలే అయితే యామెల్ మంచిదే. ఎక్కువమంది జావాస్క్రిప్ట్ వదలరు, ఎందుకంటే సర్వీసుల జాబితా మీద లూప్ తిప్పి యాప్స్ తయారుచేసుకుంటారు. మీరు అలా చేస్తుంటే @టైప్ కామెంట్‌ని లూప్‌లో తయారయ్యే వస్తువు మీదే పెట్టండి. అక్కడ పెడితేనే తప్పు జరిగినచోట గీత పడుతుంది.

ఈ శ్రమంతా దేనికో చెప్పాలి, లేకపోతే టైపింగ్ తగ్గించుకోవడానికి ఇంత హంగామానా అనిపిస్తుంది. కొన్నేళ్ల కిందట నేను చూసుకునే ఒక అప్లికేషన్ మెమరీ మెల్లగా పెరిగి సర్వర్‌ని ముంచేది. 400 ఎంబీ దాటితే మళ్లీ మొదలుపెట్టమని పీఎం2 కాన్ఫిగ్‌లో ‘మ్యాక్స్_మెమరీ_రీస్టార్ట్’ పెట్టాను. నాలుగు రోజుల తర్వాత రాత్రి మళ్లీ సర్వర్ పడిపోయింది. పీఎం2 మెమరీని 30 సెకన్లకోసారి చూస్తుందని చదివి, ఆ మధ్యలోనే నిండిపోతోందేమోనని ఒక రోజంతా గ్రాఫులు గీశాను. తీరా చూస్తే ‘రీస్టార్ట్’లో రెండు అక్షరాలు తారుమారు చేసి రాశాను. పీఎం2 కాన్ఫిగ్‌ని పరిశీలిస్తుంది గానీ, తనకు తెలిసిన కీల జాబితా పట్టుకుని ఒక్కోటీ మీ ఫైల్‌లో ఉందా అని చూస్తుంది. జాబితాలో లేని కీ మీ ఫైల్‌లో ఉంటే దాన్ని పట్టించుకోదు. హెచ్చరిక లేదు, లాగ్‌లో వరుస లేదు. ఆ రోజు నా ఎడిటర్‌లో ఎర్రగీత పడి ఉంటే పది సెకన్లలో తేలేది.

ప్రాసెస్ మేనేజర్ కాన్ఫిగ్‌లకు ఈ జబ్బు ఎక్కువ. వాటిలోని చాలా కీలు ఏదో ఒకటి చెడినప్పుడే పనిలోకి దిగుతాయి. రీస్టార్ట్ పరిమితి, షట్‌డౌన్ గడువు, హెల్త్ చెక్ ఇవన్నీ అంతే. తప్పు రాసినా మామూలు రోజుల్లో అన్నీ సవ్యంగానే కనిపిస్తాయి. లినక్స్‌లో సర్వీసులను చూసుకునే సిస్టమ్‌డీ కొంచెం నయం, తెలియని కీని వదిలేసినా జర్నల్‌లో ఒక హెచ్చరిక రాస్తుంది. ‘స్టార్ట్‌లిమిట్‌ఇంటర్వెల్‌సెక్’ని ‘సర్వీస్’ విభాగంలో పెట్టి, అది ‘యూనిట్’ విభాగానిదని తెలియక ఎంతమంది తలపట్టుకున్నారో. సిస్టమ్‌డీ, సూపర్‌వైజర్ అనే ఇంకో ప్రాసెస్ మేనేజర్ రెండూ వాడేవి ఇని తరహా ఫైళ్లు (విభాగాల కింద ‘కీ=విలువ’ వరుసలు) కాబట్టి జేసన్ స్కీమా దారి వాటికి లేదు. సిస్టమ్‌డీ ఫైల్ సేవ్ చేశాక ‘సిస్టమ్‌డీ-అనలైజ్ వెరిఫై’ కమాండ్ నడపడమే నేను చేసేది.

అందుకే స్కీమా ఎంచుకునేటప్పుడు ఒకటి చూడండి. సూచనలు ఇవ్వడం వేరు, తప్పు పట్టడం వేరు. ‘అడిషనల్‌ప్రాపర్టీస్’ అనే దానికి ‘ఫాల్స్’ విలువ ఇచ్చిన స్కీమాయే తెలియని కీ కింద గీత గీస్తుంది. అది లేకపోతే సూచనలు చక్కగా వస్తాయి, మీరు తప్పు కొట్టినా మౌనంగా ఉంటుంది. పరీక్ష సులువే: కావాలని ఒక కీలో అక్షరం మార్చి గీత పడుతుందో లేదో చూడండి. ప్రతి కొత్త స్కీమాకీ నేను ముందు చేసేది ఇదే.

గీత లేదంటే అంతా సరే అనుకోవడానికీ లేదు. స్కీమా ఆకారాన్ని మాత్రమే చూస్తుంది. ‘డిపెండ్స్_ఆన్’లో మీరు రాసిన ప్రాసెస్ ఆ ఫైల్‌లో ఉందో లేదో దానికి తెలియదు. ‘ప్రాసెస్_హెల్తీ’ అని రాసి, అవతలి ప్రాసెస్‌కి రెడినెస్_ప్రోబ్ (సిద్ధమైందో లేదో చూసే పరీక్ష) పెట్టడం మరిచినా దానికి పట్టదు. అన్నిటికన్నా మోసకారివి కాలం కొలతలు. ప్రాసెస్ కంపోజ్‌లో షట్‌డౌన్ కింద ‘టైమ్‌అవుట్_సెకండ్స్’ అని పేరులోనే సెకన్లు ఉన్నాయి. పీఎం2 ‘కిల్_టైమ్‌అవుట్’ మిల్లీసెకన్లు, ఏమీ రాయకపోతే 1600. రెండూ వాడే మీలాంటివారు అలవాటుగా అక్కడ 10 అని రాస్తే, అప్లికేషన్‌కి తన పనులు ముగించుకోవడానికి సెకనులో నూరోవంతు దొరుకుతుంది, ఆ వెంటనే పీఎం2 దాన్ని బలవంతంగా చంపేస్తుంది. 10 చక్కని సంఖ్యే కదా, ఏ గీతా పడదు. ఇలాంటిచోట పనికొచ్చేది కీ మీద మౌస్ ఉంచితే వచ్చే వివరణ. ఆ వివరణ చదవడం అలవాటు చేసుకోండి.

ప్రోగ్రామ్ వైపు నుంచి కూడా ఒక తాళం వేయొచ్చు. ప్రాసెస్ కంపోజ్ ఫైల్‌లో పైస్థాయిలో ‘ఈజ్_స్ట్రిక్ట్’కి ‘ట్రూ’ అని పెడితే తెలియని కీ ఉన్నప్పుడు అది లేవనంటుంది. మామూలుగా అయితే వదిలేస్తుంది. ‘డ్రై-రన్’ ఫ్లాగ్‌తో నడిపితే ఏ ప్రాసెస్‌నీ లేపకుండా కాన్ఫిగ్‌ని మాత్రం చూసి చెబుతుంది. ఈ రెండూ సీఐలో, అంటే కోడ్ పంపిన ప్రతిసారీ తనంతట తానే నడిచే తనిఖీల్లో, పెట్టండి. స్కీమానే సీఐలో కూడా నడపాలంటే ‘చెక్-జేసన్‌స్కీమా’ అనే పైథాన్ టూల్ ఉంది, యామెల్ ఫైళ్లను కూడా చూస్తుంది. ఎడిటర్‌లో గీత చూసి కూడా పట్టించుకోకుండా కమిట్ చేసేవాళ్లు ప్రతి టీమ్‌లో ఒకరుంటారు, నేనూ కొన్నిసార్లు ఆ ఒకరినే.

చివరగా, మీ ఆఫీసులో సొంతంగా రాసుకున్న చిన్న మేనేజర్ ఉంటే దానికీ స్కీమా రాసుకోవచ్చు. మధ్యాహ్నం మొదలుపెడితే సాయంత్రానికి అయిపోయే పని. వెర్షన్ డ్రాఫ్ట్-07 తీసుకోండి, దాదాపు అన్ని ఎడిటర్లకూ అది అర్థమవుతుంది. ఒక ప్రాసెస్‌కి ఏ కీలుంటాయో ‘డెఫినిషన్స్’లో ఒక్కసారి రాయండి. పైన ‘ప్రాసెసెస్’ అనే వస్తువు కింద ప్రాసెస్ పేర్లు వాడేవారి ఇష్టం కాబట్టి వాటిని ‘ప్రాపర్టీస్’గా రాయలేం. అక్కడ ‘అడిషనల్‌ప్రాపర్టీస్’కి ఫాల్స్ బదులు ఆ డెఫినిషన్‌కి ‘$రెఫ్’ ఇవ్వండి. అప్పుడు ఏ పేరు పెట్టినా దాని కింద అవే సూచనలు వస్తాయి. డెఫినిషన్ లోపల మాత్రం ఫాల్స్ పెట్టడం మరవకండి. పరిమిత విలువలున్న ప్రతి కీకి ‘ఈనమ్’, ప్రతి కీకి ‘డిస్క్రిప్షన్’, కాలం కీ అయితే ఆ వివరణలో మొదటి మాటే సెకన్లా మిల్లీసెకన్లా అన్నది. ‘ఆల్‌ఆఫ్’తో రెండు డెఫినిషన్లు కలిపి రెండిటిలోనూ ఫాల్స్ పెడితే ఒకదాని కీలను ఇంకొకటి తప్పంటుంది, మొత్తం ఫైల్ ఎర్రబడుతుంది. డ్రాఫ్ట్-07లో దానికి చక్కని మందు లేదు, కలపకుండా ఒకే చోట రాసుకోవడమే మేలు. స్కీమా మార్చిన ప్రతిసారీ వీఎస్ కోడ్ కిటికీని రీలోడ్ చేయండి, లేకపోతే పాతదే చూస్తూ కొత్త మార్పు పనిచేయలేదని అనుకుంటారు.

మీ విషయంలో ఫైల్ పేరు మార్చి, మొదటి వరుసలో కామెంట్ పెట్టి, ప్రాజెక్ట్‌లో పీఎం2 వేసుకుంటే పని అయిపోవాలి. కాకపోతే అవుట్‌పుట్ ప్యానెల్ తెరిచి ‘యామెల్ సపోర్ట్’ ఎంచుకుని అక్కడ కనిపించే చివరి నాలుగైదు వరుసలు, స్టేటస్ బార్‌లో స్కీమా పేరు, కామెంట్ వరుస ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.